తలకోత తీసిన టేపు

దర్శకుడెవరో రాయమంది ఎడిటరమ్మ. ముందు దర్శకుడి ఇంటిపేరు, కామా, పేరు, ఆ తర్వాత ఏడాది, ఆ తర్వాత సినిమా పేరు వాలు అక్షరాల్లో, ఆ తర్వాత ఎవరు తీయించారో, ఏ కాపీ చూశారో, మీరు ఎత్తి రాసిన మాట ఏ నిమిషం ఏ సెకనులో వస్తుందో. ఇంటిపేరట. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు, అని అనబోయి ఆగాను, పిల్ల మర్యాదగానే అడుగుతోంది. విశ్వవిద్యాలయం కార్మికుల చరిత్ర మీద వేస్తున్న పుస్తకానికి ఆమే పెద్ద, అందులో ఒక అధ్యాయం నాది, మా ఆవిరి లాండ్రీ సమ్మె గురించి. నేను బడికి వెళ్ళింది అయిదో తరగతి దాకా, తక్కిన చదువంతా పొట్లాల కాగితాల మీదా గోడల మీదా పోలీసులు లాక్కోబోయిన కరపత్రాల మీదా సాగింది, వాటిలో దేనికీ ఫుట్‌నోటు లేదు. సమ్మె వీడియో చూడుడు, అని కింద ఒక ముక్క రాసి పంపించాను. అది చాలదమ్మా, అంది ఫోనులో, ఎవరు తీశారో తెలియని వీడియోని సాక్ష్యం అంటే కమిటీవాళ్ళు ఆ పేరా కొట్టేస్తారు, సాయంత్రానికి ప్రెస్సుకి వెళ్ళిపోతోంది. ఆ పేరా కొట్టేస్తే నా అధ్యాయానికి వెన్నుపూస ఉండదు. సమ్మె ముగిశాక యాజమాన్యం నన్నొక్కదాన్ని తప్ప ఎవర్నీ పనిలోంచి తీయలేకపోయింది, మా ఐక్యత చూసి జడిసింది, కావలిస్తే వీడియో చూడండి, అని ఢంకా కొట్టి రాశాను అక్కడ. కోపం వచ్చింది. కోపం కాసేపుండి, అది ఉన్నచోట దురద మొదలైంది. అవునూ, దాన్ని తీసినవాడి పేరేంటి, ఎవరు పంపారు వాణ్ణి? ఇన్నేళ్ళు ఊరూరా తిప్పి చూపించాను, ఒక్కరోజూ అడగలేదేం?

అందుకే ఇప్పుడు ఈ గ్రంథాలయం నేలమాళిగలో, కిటికీ లేని గదిలో, నురుగు ఊడిపోయిన హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని కూర్చున్నాను. మూతపడ్డ లాండ్రీ ఆఫీసు సామాను ఇక్కడికి చేరిందట, అందులో అసలు టేపు ఉందట, ఎడిటరమ్మే కనుక్కుని చెప్పింది. టేపులు చూసుకునే ఆవిడ పెట్టె తెచ్చి బల్ల మీద పెడుతూ, గంటేనమ్మా, ఆ తర్వాత మిషను వేడెక్కిపోతుంది, దానికీ వయసైంది, అని నా వంక చూసి నాలిక కరుచుకుంది. నవ్వాను. మిషను నాకంటే చిన్నదే, నేనింకా వేడెక్కుతూనే ఉన్నాను. పుస్తకమైతే హాయి, రాసినవాడు ఒకడు ఉంటాడు, వాడి జుట్టు పట్టుకోవచ్చు. ఈ బొమ్మలతో వచ్చింది చిక్కు. తీసినవాడొకడు, తీయించినవాడొకడు, అందులో నోరు చేసుకున్నదాన్ని నేను, దాన్ని నెట్‌లో పెట్టింది మా చెల్లెలు. చెల్లెలిది కుట్టుపని, కత్తెరక్క కుట్టుపాఠాలని దాని చానలు, మా సమ్మె ఆ చానల్లో జిప్పు బిగించడానికీ కాలరు తిప్పడానికీ మధ్య ఉంటుంది. వీడియో కింద మొదటి వ్యాఖ్య: అక్కా, కాలరు రెండో భాగం ఎప్పుడు పెడతారు. నెట్‌లో వీడియోకి పెట్టినవాళ్ళ పేరే ముందు రాయాలని పద్ధతి ఉందట, ఆ లెక్కన చరిత్ర పుస్తకంలో మా పోరాటానికి కర్త కత్తెరక్క. మీరు చూసింది ఆ కాపీయే అయితే అదే రాయండి, అసలు టేపు చూస్తే అసలు టేపు రాయండి, చూసిందే రాయాలి, అంది ఎడిటరమ్మ. ఆ ముక్క ఒక్కటి నచ్చింది. చూసిందే రాయాలి. కరపత్రాలు రాసేవాళ్ళకి ఇది నూరిపోసి ఉంటే సగం కరపత్రాలు ఉండేవి కావు, నావి కూడా.

మీట నొక్కాను. గీతలు, మంచు పడుతున్నట్టు తెల్లటి చుక్కలు, ఆ తర్వాత ఎవరిదో పుట్టినరోజు. ఇదెక్కడి గోల, వేరే టేపు ఇచ్చిందా ఈవిడ? కేకు, దాని చుట్టూ కుటుంబం, మధ్యలో ముఖమంతా క్రీము పూసుకున్న పసిది, అందరూ ఇటు చూస్తున్నారు. వెనక వరసలో తాటిచెట్టంత మనిషి ఒకడు, మేనమామ కాబోలు, తల దీపం తగిలేంత ఎత్తులో ఉంది. కెమెరా పట్టుకున్నవాడి గొంతు, ఇంకొంచెం లోపలికి జరగండి అన్నయ్యా, అని, ఆ తర్వాత బొమ్మ మెల్లగా వెనక్కి వెనక్కి నడిచి, గోడ తగిలినట్టుంది, ఆగింది. మేనమామ నెత్తి మీద బెత్తెడు ఖాళీ. ఎంత ఓపిక. కేకు కోశారు, చప్పట్లు, పసిది ఏడుపు, చటుక్కున తెగిపోయి, అదుగో మా గేటు. అంటే టేపు ఇదే. వాడిన టేపు మీదే మళ్ళీ తీశాడన్నమాట, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఎవరిదో పుట్టినరోజుని చంకన పెట్టుకుని మా సమ్మెకి వచ్చాడు. కత్తెరక్క కాపీలో ఈ పుట్టినరోజు లేదు, అది గేటు దగ్గరే మొదలవుతుంది. అంటే నిమిషాలు కుదరవు, ఆ కాపీ చూసి నేను మూడో నిమిషం అని రాసుకున్నది ఇక్కడ పదకొండో నిమిషమో ఎంతో అవుతుంది. ఏ కాపీ అని అడిగింది ఇందుకా పిల్ల. సరే, ఏడాది కావాలి, పేరు కావాలి, పెట్టె తిప్పి చూశాను. అట్ట మీద లాండ్రీ ముద్ర, దాని కింద బాల్‌పెన్నుతో, అక్షరాలు ముందుకి తోసుకుపోయే రాత, చూడగానే తెలిసింది, నోటీసు బోర్డులో రోజూ చూసిన మేనేజరు రాత: గేటు గొడవ – మొహాలు.

మొహాలు. ఈ మాట మీద చూపు అతుక్కుపోయింది. సినిమా పేరు ఇదేనా? పేరు లేని వీడియోకి పెట్టె మీద ఉన్నదే పేరుగా తీసుకోవాలట, అంటే వాలు అక్షరాల్లో ఇదే వెళ్తుంది. కానీ ఎవరైనా సినిమాకి మొహాలని పేరు పెడతారా? ఇది పేరు కాదు, ఆర్డరు. బట్టలు – ఇస్త్రీ, అని సంచుల మీద రాసినట్టే రాశాడు. ఎవరు తీయించారో రాయండి అన్న గడి ఒకటుంది కదా, దానికి జవాబు ఎదురుగానే ఉంది, యాజమాన్యం తీయించింది. మేమేమనుకున్నాం? ఆ రోజు కెమెరావాణ్ణి యూనియన్ పిలిచిందని మేమనుకున్నాం, పేపరువాళ్ళు పంపారని యూనియన్ అనుకుంది, పెళ్ళిళ్ళు లేని కాలంలో ఊరికే వచ్చాడని ఇంకెవరో అన్నారు, గొడవ చూడ్డానికి వచ్చిన వంద మందిలో వాడొకడు, కెమెరా ఉన్నవాడు. అడిగిన పాపాన పోలేదు ఎవరూ. మొహాలు ఎందుకు కావలసి వచ్చాయో నాకు బాగా తెలుసు. లోపల మాకు మొహాలుండేవి కావు. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ తువ్వాళ్ళూ, వాటి మీద ఏ రోగం ఉందోనని ముక్కుకీ నోటికీ గుడ్డ, జుట్టు ఇస్త్రీ రోలర్లలో పడకుండా తలకి గుడ్డ, మిగిలేవి రెండు కళ్ళు, అవీ ఆవిరిలో ఎర్రబడి ఒకేలా ఉండేవి. గుత్తేదారు పట్టుకొచ్చిన ఆడవాళ్ళం, పేర్లతో పనిలేదు, బిళ్ళ మీద అంకె. మేనేజరు కూర్చునేది రోడ్డుకి అవతలి మేడలో. దుప్పటి మడతలో దొరికిన సూది కూడా ఎవరిదో కనుక్కునేవాడు గానీ మమ్మల్ని ఒకర్నుంచి ఒకర్ని విడదీయలేకపోయేవాడు. రోలరు ముందు చేతులు లోపలికి పోకుండా ఉండే అడ్డుకడ్డీ ఊడదీయించాడు, పని తొందరగా అవుతుందని. మేం పొట్టిది అని పిలిచే పిల్ల అందులో వేళ్ళు కాల్చుకుంది. మర్నాడు అందరం గేటు బయటికొచ్చి నిలబడి, మొట్టమొదటిసారి పట్టపగలు మొహాల మీద గుడ్డలు తీసేశాం. గాలి తగిలి ఒకళ్ళనొకళ్ళం చూసుకుని, ఓసి నువ్వా, ఇంత బాగుంటావా, అని నవ్వుకోవడం గుర్తుంది.

ఆ నవ్వు టేపులో వినబడుతోంది. కనబడదు. కనబడేవి మెడలు. మెడ నుంచి కిందికి, భుజాలు, పైకెత్తిన చేతుల మోచేతులు, అట్టల మీద రాసిన నినాదాల కింది వరస, చెప్పులు, ఎన్ని చెప్పులో. దీన్ని చూసి ఎంత తిట్టుకున్నామని. యూనియన్ ఆఫీసులో మొదటిసారి వేసుకున్నప్పుడు, అందరం ముస్తాబై కూర్చున్నాం మనం టీవీలో వస్తున్నామని, చూస్తే ఒక్కదానికీ తల లేదు. కడుపుకోత విన్నాం, గుండెకోత విన్నాం, ఈ తలకోత ఏంటే తల్లీ, అంది పొట్టిది, కట్టు కట్టిన చేత్తో బొమ్మ చూపిస్తూ. అంతే, వాడి పేరు తలకోత అయిపోయింది. బజార్లో వాడు కనబడితే మెడలు పట్టుకుని తడుముకునేవాళ్ళం, ఉందా ఊడిందా అని. వాడు తల వంచుకుని పోయేవాడు. పెళ్ళిళ్ళకి వాణ్ణి పిలవొద్దని చుట్టాలకి చెప్పాను కూడా, పెళ్ళికొడుకెవరో తెలియక పోట్లాడుకుంటారని. ఆ జోకు చాలా ఏళ్ళు నడిచింది, మీటింగుల్లో వీడియో వేసినప్పుడల్లా ముందు ఆ జోకు వేసి నవ్వించి తర్వాత మొదలుపెట్టేదాన్ని. తలలు లేకపోయినా గొంతులున్నాయి చూడండి, అనేదాన్ని.

గొంతులంటే అందులో పెద్దది నాది. నన్ను అగ్గిపెట్టె అనేవాళ్ళు, ఊరికే అనలేదు. ఇదుగో వస్తోంది, పదకొండో నిమిషం, కాగితం మీద రాసుకోవాలి. మెడల గుంపులోంచి ఒక మెడ ఇటు తిరిగి, పెద్దదవుతూ, కెమెరా మీదికే నడిచొస్తోంది, నేనే. తల తప్పిపోతోందని గ్రహించి వంగాను, వంగి తెరలోకి మొహం దూర్చాను. నా మొహం, నిండా చెమట, పళ్ళన్నీ కనబడుతున్నాయి. గేటు దగ్గర తీసినంతలో ఉన్న ఒకే ఒక్క మొహం. మా మొహాలు చూపించు లోకానికి, మేం దుప్పట్లం కాదు, అని అరిచాను. ఈ వాక్యమే నా అధ్యాయానికి శీర్షిక, కరపత్రాలకెక్కింది, గోడలకెక్కింది, ఎక్కడికెళ్ళినా దండ వేసే ముందు ఇది చెప్పి వేస్తారు. దాని వెంటనే కెమెరా వెనకనుంచి మెల్లగా ఒక మాట. పక్కకి తప్పుకో అక్కా. ఆ తర్వాత బొమ్మ పైకి లేచి ఆకాశంలోకి పోయింది, చిమ్నీ, మబ్బు, ఒక కాకి, చాలాసేపు కాకి. ఆ మాట ఎన్నేళ్ళు మోశానో. ఆడదాని మొహం అడ్డమైందట వాడికి, పెద్దమనిషికి, పక్కకి తప్పుకోమన్నాడు చూడండి, అని మీటింగుల్లో దీనిమీద విడిగా ఒక ఉపన్యాసం ఉండేది నాకు. ఇప్పుడు హెడ్‌ఫోన్లలో, ఊరి గోల లేకుండా, చెవిలో చెప్పినట్టు వింటుంటే, గొంతులో విసుగు లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. పక్కకి తప్పుకో అక్కా. బతిమాలుతున్నాడు. మేనమామని లోపలికి జరగమన్న గొంతే ఇది, ఆ మెత్తదనమే, కానీ ఇందులో ఊపిరి అందడం లేదు.

ఆగు. మేనమామ.

మేనమామ నెత్తి మీద బెత్తెడు ఖాళీ వదిలాడు కదా వీడు. గోడకి వీపు ఆనుకునేదాకా వెనక్కి నడిచి, తాటిచెట్టు తలని లోపలికి పట్టించినవాడు, గేటు దగ్గరికొచ్చేసరికి తలలెక్కడుంటాయో మరిచిపోయాడా? అదే టేపు, అదే చెయ్యి, అదే కెమెరా. తొందరపడకు, అగ్గిపెట్టె, అగ్గిపుల్ల గీసే ముందు చూడు, ఎండ కావచ్చు, కంగారు కావచ్చు, గుంపు తోసి ఉండొచ్చు, చూసిందే రాయాలి. టేపు ముందుకి పోనిచ్చాను. పొట్టిది ఎక్కడుంది? మా పొట్టిది నా మోచేతికి వస్తుంది, గట్టు ఎక్కితే తప్ప తువ్వాళ్ళ బల్ల అందేది కాదు. అదుగో, చేతికి కట్టు, గుర్తుపట్టాను, ఆ కట్టు నేనే కట్టాను. కట్టుంది, నడుముంది, మెడ దగ్గర ఆగిపోయింది. పొట్టిదానికి కూడా తల లేదు. నిలబడి కెమెరా వంచి తీస్తే మనిషి పైనుంచి చూసినట్టు కనబడాలి, ఇక్కడ పొట్టిదాని నడుం సరిగ్గా ఎదురుగా ఉంది, అంటే తీసేవాడు కిందికి దిగాడు. ఎంత కిందికి? బొమ్మ ఆపాను. గీతలు వణుకుతూ ఆగాయి. నేల మీద, దాని చెప్పుల ముందు, ఒక నీడ, కెమెరా భుజాన పెట్టుకున్న మనిషి నీడ, కురచగా ముద్దలా ఉంది. మధ్యాహ్నం ఎండకి నీడలు కురచవే, అనుకుని పక్కన పొట్టిదాని నీడ చూశాను. దానికంటే చిన్నది వాడి నీడ. బజార్లో చూశాను కదా, వాడు ఆరడుగుల మనిషి. రాళ్ళు తేలిన ఆ నేల మీద, అంత బరువు కెమెరాతో మోకాళ్ళ మీద కూర్చున్నాడు, పొట్టిదాని మొహం పడకుండా.

లేచి మెట్ల దగ్గరికి పోయి చెల్లెలికి ఫోను చేశాను. కుట్టుమిషను చప్పుడు ఆపకుండానే ఎత్తింది. ఆ టేపు కాపీ నీ దగ్గరికెలా వచ్చిందే, అని అడిగాను.

"తలకోతే ఇచ్చాడు కదే. చొక్కాకి కాలరు తిప్పమని వచ్చి బల్ల మీద పెట్టాడు, మీ అక్కకివ్వు అని. నీకు అప్పుడే చెప్పాను, విన్నావా, నీకు వినే అలవాటెక్కడిది."

ఇంకేమన్నాడో గుర్తు తెచ్చుకోమన్నాను. మిషను ఆగింది. ఫోను చెవికి అదుముకున్నాను, ఏదో ఒక్క మాట, ఆడవాళ్ళని కాపాడాను అనో, యాజమాన్యం పంపిందనో.

"ఏమంటాడు, చొక్కా ఎప్పుడిస్తావని అడిగాడు."

పేరేంటే వాడిది, అసలు పేరు, అన్నాను. చొక్కా మీద సుద్దతో వీడియో అని రాసుకున్నానంది, చొక్కాకి ఒక గుర్తుంటే చాలు, పేరెందుకట. ఉన్నాడో లేడో కూడా తెలియదట, లాండ్రీ మూసేశాక ఎటో వెళ్ళిపోయాడని విన్నదట. ఎందుకే ఇప్పుడు, అంది. వాడి ఇంటిపేరు కావాలి, పుస్తకానికి, అన్నాను. అది నవ్వింది, సంబంధం చూస్తున్నావా ఏంటి ఈ వయసులో, అంది, పెట్టేసింది.

తిరిగొచ్చి కూర్చున్నాను. బొమ్మ ఇంకా అక్కడే వణుకుతోంది, నీడ, కట్టు. గంటలో ఎంత మిగిలిందో టేపులావిడ గడియారం వంక చూడకుండా చూస్తోంది. అంటే ఇదీ సంగతి. వాణ్ణి మొహాలు తీసుకురమ్మని పంపారు. తెల్లారి మేడ మీద మేనేజరు పెట్టె తెరిచి, గుత్తేదారుని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ చూపించు, పేరు చెప్పు, అని కూర్చుని ఉంటాడు. మెడలు. మోచేతులు. కాకి. మేనేజరు తలకోతని ఎంత తిట్టి ఉంటాడో, మేం తిట్టినట్టే తిట్టి ఉంటాడు, తీయడం రాని వెధవ అని, ఈ ఒక్క విషయంలో మేమూ మేనేజరూ ఒక్క మాట మీద ఉన్నాం. తలకోత రెండు పక్కలా చేతకానివాడయ్యాడు. ఆ బొమ్మల్లో దొరికిన ఒకే ఒక్క మొహం ఎవరిది? రోట్లో తల పెట్టి రోకటి పోటు లెక్కచేయనని ఊరేగిన నాది. నన్ను తీసేశారు. తీసేస్తారని తెలిసే అరిచాను, దానికి విచారం లేదు, మళ్ళీ ఆ గేటు దొరికితే మళ్ళీ అరుస్తాను. కానీ తప్పుకోమన్న మనిషి ఎందుకు తప్పుకోమన్నాడో, ఆ వెంటనే కాకిని ఎందుకంతసేపు తీశాడో, ఇప్పుడు ఫుట్‌నోటు కోసం కూర్చుంటే గానీ తట్టలేదు. ఫుట్‌నోటు అంటే చదువుకున్నవాళ్ళ సోకు అనుకున్నాను. ఎవరు తీశారు, ఎవరు తీయించారు, ఏ కాపీ, పోలీసు ప్రశ్నల్లా ఉన్నాయని ఎగతాళి చేశాను. వేసుకోవలసిన ప్రశ్నలే. ఏ బొమ్మ చూసినా ఇవే వేసుకోవాలి, వార్తల్లో గుంపుని చూపించినప్పుడు ఎవడి భుజం మీంచి చూస్తున్నాను అని. నా ముందు ఎప్పుడూ బొమ్మే ఉండేది, భుజం ఉండేది కాదు.

మరి నా వాక్యం? ఐక్యత చూసి జడిసింది. కాగితం తీసి దాన్ని చూశాను. అబద్ధం కాదు. గుత్తేదారు ఒక్కొక్కదాన్నీ విడిగా పిలిచి గేటు దగ్గర ఎవరెవరున్నారని అడిగాడు, ఒక్కత్తీ ఇంకొకదాని పేరు చెప్పలేదు, పొట్టిదాన్ని వైద్యం చేయిస్తానని ఆశపెట్టాడు, అయినా చెప్పలేదు. అది నేను కళ్ళారా చూసింది. జడవడం మాత్రం నేను చూసింది కాదు, ఊహించి రాసింది, బాగా మోగుతుందని రాసింది. కొట్టేశాను. మేం పేర్లివ్వలేదు, అతను మొహాలివ్వలేదు, అని రాశాను. మోగడం లేదు. మోగకపోతే పోనీ. ఇన్నేళ్ళు ఐక్యత అన్నప్పుడల్లా కెమెరాకి ఇటువైపు ఉన్నవాళ్ళనే చూశాను, అటువైపు ఒకడు మోకాళ్ళ మీద ఉన్నాడు.

ఫోను మోగింది, టేపులావిడ కళ్ళురిమింది, మెట్ల మీదికి పరుగు. ఎడిటరమ్మ. ప్రెస్సువాళ్ళు కూర్చున్నారమ్మా, దర్శకుడు దొరికారా, అంది. దొరికాడు, రాసుకో తల్లీ, అన్నాను. తలకోత. కీబోర్డు చప్పుడు వినబడింది.

"తలకోత, ఇంటిపేరామ్మా?"

కాదు, మేం పెట్టిన పేరన్నాను. అసలు పేరు తెలియకపోతే దర్శకుడు తెలియదు అని రాసి నేరుగా సినిమా పేరుతో మొదలుపెట్టేయొచ్చని, అలా కూడా ఒక పద్ధతుందని చెప్పింది, కమిటీకి అదే తేలికని కూడా.

"తెలియదని ఎట్లా రాస్తాను తల్లీ. ఇప్పుడేగా తెలిసింది."

మారుపేరుతో తెలిసినవాళ్ళని మారుపేరుతోనే రాయొచ్చులెండి, పక్కన బ్రాకెట్లో కెమెరా అని వేస్తాను, అంది. సినిమా పేరు చెప్పాను, గేటు గొడవ, గీత, మొహాలు. ఏడాది పెట్టె మీద లేదు, సమ్మె జరిగిన ఏడాదే వెయ్యమన్నాను. తీయించింది లాండ్రీ యాజమాన్యం. అసలు టేపు, కత్తెరక్కది కాదు. ఏ నిమిషం, అంది, మీ నినాదం దగ్గరే కదా. కాదు, దాని తర్వాతి మాట, ఆయనది, పక్కకి తప్పుకో అక్కా, అక్కణ్ణించి కాకి అయిపోయేదాకా, అన్నాను. కాకి, అని ఆమె రాసుకుంటూ పైకే అనుకోవడం వినబడింది.

కిందికొచ్చాను. మిషను కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది టేపులావిడ, వేడిగానే ఉందమ్మా, ఇంకొక్క పది నిమిషాలు, అంది. టేపు మొదటికంటా తిప్పుకున్నాను. మంచు, గీతలు, కేకు, పసిదాని మొహం నిండా క్రీము. ఇంకొంచెం లోపలికి జరగండి అన్నయ్యా. మేనమామ జరిగాడు, బొమ్మ వెనక్కి నడుస్తోంది, ఒక్కొక్క అడుగూ, నెమ్మదిగా, ఒక్కొక్క తలా లోపలికి వచ్చి కూర్చుంటోంది.